నా కృపావరం ‘ఉపకారం’ అని వచ్చింది. దీంతో ఎవరికైనా ఏం చేయగలను?

లెక్కల_కృప · ఆదివారం రాత్రి 10:20

అందరికీ ప్రభువు పేరట వందనాలు. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు.

మాది గుంటూరు దగ్గర. మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో లెక్కలు రాస్తాను. మా సంఘంలో 180 మంది దాకా ఉంటాం. పోయిన నెల రిట్రీట్‌లో అందరికీ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కో ప్రశ్నకు మార్కులు వేసుకుని, చివర్లో కూడితే మన ఆత్మీయ వరం ఏదో తెలుస్తుందన్నారు. మా చెల్లికి ‘బోధ’ వచ్చింది. క్వయర్‌లో పాడే అమ్మాయికి ‘ఆదరణ’ వచ్చింది. నాకేమో ‘ఉపకారం’.

పక్కన కూర్చున్న ఆవిడ తొంగి చూసి, "ఉపకారమా? అంటే కుర్చీలు వేయడమా?" అంది. మంచావిడే, నన్ను తక్కువ చేయాలని అనలేదు. కానీ ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ కాగితం మడతలు విప్పుతూ, మళ్ళీ మూస్తూ కూర్చున్నాను.

నాకు పాడటం రాదు. కూటంలో "సిస్టర్, మీరు ప్రార్థన చేయండి" అంటే చాలు, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోతాయి. సాక్ష్యం చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను. మా దగ్గర "ఆయనకి మంచి వరం ఉంది" అన్నారంటే ఆయన పాడతాడనో, వాక్యం చెప్తాడనో అర్థం. ఆ రెండూ లేనివాళ్ళం కానుక వేసి, ఆమేన్ చెప్పి ఇంటికి వస్తాం. యజమాని ముగ్గురు పనివాళ్ళకి సొమ్ము అప్పగించి ఊరెళ్ళే ఆ తలాంతుల ఉపమానం చదివినప్పుడల్లా, ఒక్క తలాంతు తీసుకెళ్ళి భూమిలో దాచినవాడు నేనేనేమో అని భయం వేస్తుంది.

నా ప్రశ్నలు రెండే. మార్కులు కూడుకుంటే కృపావరం తెలుస్తుందా? ‘ఉపకారం’ నిజంగా ఆత్మ ఇచ్చిన వరమేనా, లేక ఏ వరమూ లేనివాళ్ళకి ఇచ్చే పేరా?

తెనాలి_అత్తయ్య · ఆదివారం రాత్రి 10:48

అమ్మా కృపా, ఆ కాగితం సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకొకటి చెప్పు. మీ సంఘంలోవాళ్ళు నిన్ను దేనికోసం వెతుక్కుంటూ వస్తారు? ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునేచోట నీ చెయ్యి పట్టుకుని ఏం అడుగుతారు?

లెక్కల_కృప · ఆదివారం రాత్రి 11:05

అత్తయ్యగారూ, పెద్దగా ఏం లేదండీ. కాగితాలు తెస్తారు. బ్యాంకు నుంచి వచ్చిన లెటర్ చదివి పెట్టమని, పిల్లల స్కాలర్‌షిప్ ఫారం నింపమని, డ్వాక్రా లోను వడ్డీ ఎంత పడిందో చూడమని. ఆఫీసులో రోజూ చేసే పనే కదా, చూసి చెప్తాను. దానికీ దీనికీ సంబంధం ఉందనుకోలేదు.

తెనాలి_అత్తయ్య · ఆదివారం రాత్రి 11:09

సరే. పడుకో తల్లీ. రేపు మాట్లాడుకుందాం.

వాక్య_విద్యార్థి · సోమవారం ఉదయం 6:30

సిస్టర్, మీ రెండో ప్రశ్నకి సూటిగా జవాబు ఉంది. 1 కొరింథీ 12వ అధ్యాయం 28వ వచనం తీయండి. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు, అద్భుతాలు, స్వస్థపరచే వరాలు అని చెప్పుకుంటూ వచ్చి, అదే వరుసలో ఉపకారాలు చేసేవాళ్ళని, ప్రభుత్వాలు చేసేవాళ్ళని దేవుడే సంఘంలో నియమించాడు అంటాడు పౌలు. మిగిలిపోయినవాళ్ళకి ఇచ్చిన పేరు కాదది. పక్కనున్న ‘ప్రభుత్వాలు’ అన్న మాట కూడా గమనించండి. గ్రీకులో అది ఓడకి చుక్కాని పట్టే పని నుంచి వచ్చిన మాట. అధికారం చలాయించడం కాదు, ఓడ ఎటు పోవాలో చూసుకోవడం.

‘కృపావరం’ అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగుదాం. మన తెలుగులో ‘వరం’ అనగానే ఏళ్ళ తరబడి తపస్సు చేస్తే దేవుడు మెచ్చి ఇచ్చేది గుర్తొస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న కథలు అలాంటివి. అందుకే గొప్ప భక్తిపరులకే వరాలుంటాయి అనుకుంటాం. మన బైబిల్ అనువాదకులు దానికి ముందు ‘కృప’ తగిలించారు. సంపాదించుకున్నది కాదు, ఊరికే దక్కింది. గ్రీకులోనూ ఖరిస్ అంటే కృప, ఖరిస్మా అంటే ఆ కృపలోంచి వచ్చినది. ఊరికే వచ్చింది కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి లేదు. నాకు రాలేదని కుంగిపోవడానికీ లేదు, 1 పేతురు 4:10 ‘ఒక్కొక్కడు’ అంటుంది కాబట్టి.

ఇక తలాంతు. మన సంఘాల్లో ‘తలాంతుల పోటీలు’ అని పెట్టి పాటలు, వాక్య కంఠస్థం చేయిస్తాం కదా, దాంతో తలాంతు అంటే స్టేజీ మీద చూపించేది అని పిల్లప్పుడే బుర్రలో పడిపోయింది. ఉపమానంలో తలాంతు అంటే డబ్బు లెక్క. ఒక్క తలాంతు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఆ మూడోవాడి చేతిలో పెట్టింది కూలి మనిషి సుమారు ఇరవై ఏళ్ళ సంపాదన. ఆ ఉపమానంలో ఎవరికీ కొంచెం ఇవ్వలేదు.

నిజం_చెప్పాలంటే · సోమవారం ఉదయం 9:15

నేను ఒప్పుకోను, మన్నించండి. నైపుణ్యం వేరు, కృపావరం వేరు. ఫారం నింపడం చదువుకున్నవాళ్ళు ఎవరైనా చేస్తారు. రక్షణ లేనివాళ్ళూ, అంటే క్రీస్తుని నమ్మనివాళ్ళూ లెక్కలు బాగా రాస్తారు. వాటన్నిటినీ ఆత్మ వరాలు అనేస్తే ఆ మాటకి విలువ ఏముంటుంది? సిస్టర్‌గారిని ఓదార్చాలని వాక్యాన్ని పలచన చేయొద్దు.

వడ్రంగి_కూతురు · సోమవారం మధ్యాహ్నం 1:40

బ్రదర్, మీ జాగ్రత్త నాకు అర్థమైంది. కానీ నిర్గమకాండం 31 ఒకసారి చూడండి. దేవుడు ‘నా ఆత్మతో నింపాను’ అని చెప్పింది, ఎడారిలో ప్రత్యక్ష గుడారం పని చేసిన బెసలేలు గురించి. ఆయన ప్రవక్త కాదు, యాజకుడూ కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్ళు చెక్కడం, కర్ర చెక్కడం తెలిసినవాడు. ఉలి పట్టుకున్న చేతిలో దేవుని ఆత్మ ఉంటుందని నేను చదివి నేర్చుకోలేదు. ఇంట్లోనే చూశాను. అందుకే రాస్తున్నాను.

మా నాన్న వడ్రంగి. కృష్ణా జిల్లాలో మాదో చిన్న ఊరు. ఆయన జీవితంలో ఎప్పుడూ గుడిలో నోరు తెరిచి ప్రార్థన చేయలేదు, చివరి వరసలో గోడకి ఆనుకుని కూర్చునేవాడు. కానీ ఊళ్ళో మనవాళ్ళలో ఎవరు చనిపోయినా ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. శవపెట్టె నాన్నే చేయాలి. అర్ధరాత్రి రెండింటికి లేచి, ఒక పురికొస తీసుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు. టేపు ఉండేది, కానీ చచ్చిపోయిన మనిషి మీద టేపు సాగదీసి అంకెలు చదవడం ఆ ఇంటివాళ్ళ ముందు బాగుండదు అనేవాడు. పురికొసతో తల దగ్గర నుంచి పాదాల దాకా ఒకసారి, భుజాల దగ్గర ఒకసారి కొలిచి, రెండు ముళ్ళు వేసి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఏడ్చేవాళ్ళకి ఆ సంగతే తెలిసేది కాదు.

తెల్లారేలోగా పెట్టె అయిపోయేది. లోపలి వైపు కూడా సాండ్‌పేపర్ పట్టేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు అడిగాను, లోపల గుడ్డ వేస్తాం కదా, ఇంక నున్నగా ఎందుకు నాన్నా అని. "గుడ్డ పలచగా ఉంటుందమ్మా" అన్నాడు. అంతే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది. లేనివాళ్ళ దగ్గర కర్ర డబ్బులు కూడా తీసుకోలేదు. పోయింది చంటిబిడ్డ అయితే ఆ పెట్టె ఎత్తుకుని తనే మోసుకెళ్ళేవాడు.

రక్షణ లేని వడ్రంగి కూడా పెట్టె చేస్తాడు, నిజమే. మా నాన్న కంటే బాగా కూడా చేస్తాడేమో. నాన్న చేసినది పెట్టె ఒక్కటే కాదు. ఆ ఇంటి దుఃఖంలో ఒక బరువు ఎత్తి తన మీద వేసుకునేవాడు. నైపుణ్యం ఆయన నేర్చుకున్నదే. అర్ధరాత్రి రెండింటికి విసుక్కోకుండా లేవడం ఎక్కడ నేర్చుకున్నాడో మీరే చెప్పండి.

నిజం_చెప్పాలంటే · సోమవారం మధ్యాహ్నం 2:25

సిస్టర్, బెసలేలు సంగతి నాకు తెలుసు గాని ఇలా ఆలోచించలేదు. ‘విసుక్కోకుండా’ అన్నారు చూశారా, అక్కడ ఆగిపోయాను. 1 పేతురు 4:10కి ముందు వచనమే ‘సణుగుకొనకుండా’ ఆతిథ్యం చేయమంటుంది. ఆ రెండు వచనాలు పక్కపక్కన ఎందుకున్నాయో ఇన్నేళ్ళలో గమనించలేదు. నైపుణ్యం, వరం ఒకటే అని ఇప్పటికీ అనను. నైపుణ్యం వరంగా మారేచోటు ఒకటుందని మాత్రం ఒప్పుకుంటున్నాను. మీ నాన్నగారికి నా వందనాలు.

ఆదరణ_సువార్త · సోమవారం సాయంత్రం 5:10

అందరికీ ప్రైజ్ ది లార్డ్. మాది పెంతెకొస్తు సంఘం. చర్చ బాగుంది గాని నాకొక బాధ. భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం), ప్రవచనం, స్వస్థత వరాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇలాగైతే కృపావరం అంటే సంఘసేవ ఒక్కటే అయిపోదా? ఆత్మ మనకి అందని పనులు కూడా చేస్తాడు.

కువైట్_నర్సు · సోమవారం రాత్రి 11:55

డ్యూటీ అయ్యాక రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

బ్రదర్, స్వస్థత కోసం ప్రార్థన నేనూ చేస్తాను. ఐసీయూలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తూ, డాక్టర్లు ఆశ వదిలేసినవాళ్ళు నడిచి వెళ్ళడం చూశాను. దాన్ని నేను కాదనను. కానీ ఒకటి చెప్పాలి. మా బంధువుల్లో ఒక పెద్దాయనకి షుగరు. ఒక కూటంలో ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఇక మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం అన్నారు. మూడు నెలలు ఆపేశాడు. కాలి వేలు నల్లబడ్డాక మాకు తెలిసింది. కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ప్రార్థన చేసిన మనిషి మంచివాడే కావచ్చు. ఆయన తర్వాత ఒక్కసారి కూడా ఆ ఇంటికి వచ్చి చూడలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి. వరం ఉన్న మనిషి, ఆ వరం ఎవరికోసం వచ్చిందో వాళ్ళ గుమ్మం ఎక్కాలి కదా.

భాషలు వద్దనకండి అని పౌలే అన్నాడు. అదే పౌలు సంఘంలో అర్థమయ్యే అయిదు మాటలు పదివేల మాటల కంటే మేలు అన్నాడు. ఎదుటివాళ్ళకి క్షేమాభివృద్ధి కలుగుతుందా అన్నదే 1 కొరింథీ 14వ అధ్యాయమంతా అడిగే ప్రశ్న.

నేను నర్సింగ్ గుంటూరులో చదివాను. కుగ్లర్ ఆసుపత్రి గురించి మా సీనియర్లు చెప్పేవాళ్ళు. ఆనా కుగ్లర్ అమ్మగారు అమెరికా నుంచి 1883లో వచ్చారు. డాక్టరు చదివిన మనిషే. కానీ మిషన్ బోర్డు అప్పటికి వైద్యం పని పెట్టుకోదలచుకోలేదు, ఆమెని ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళకి చదువు చెప్పే పనిమీద పంపించారు. వచ్చి చూస్తే మగ డాక్టరుకి చూపించుకోక పురిటి మంచాల మీదే పోయే ఆడవాళ్ళు. ఆమె చదువు చెప్తూనే వైద్యం మొదలుపెట్టేసింది. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్ళు! ఆమె తన వరం ఏమిటా అని వెతుక్కుంటూ కూర్చోలేదు. ఎదురుగా ఉన్న అవసరమే ఆమె చేతుల్ని గుర్తుపట్టింది.

ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారం. మన కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది వస్తారు. కొందరికి ఆ రెండు గంటలే బయట గాలి. ఆరాధన అయ్యాక వాళ్ళు మందు చీటీలు తెచ్చి నా ఒళ్ళో పెడతారు. ఏది అన్నం ముందు, ఏది తర్వాత అని చీటీ వెనక సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇస్తాను. నా పరిచర్య అంటే ఇదే, కృపా సిస్టర్. నాకూ పాడటం రాదు.

ఆదరణ_సువార్త · మంగళవారం ఉదయం 7:20

సిస్టర్, ఆ పెద్దాయన గురించి చదివి చాలా బాధపడ్డాను. మాలో అలా చేసేవాళ్ళు ఉన్నారు, దాచను. మందులు మానేయమని చెప్పే అధికారం ఏ వరమూ ఇవ్వదు.

ఒక్కటి చెప్తాను. మా అమ్మకి చదువు లేదు. ఏలూరు దగ్గర మా ఊళ్ళో తెల్లవారి నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తుంది. పేర్లు రాసుకోవడం రాదు కాబట్టి వీధి మొదట్లో ఇంటి నుంచి మొదలుపెట్టి, వరసగా ఒక్కో గుమ్మం తలచుకుంటూ చివరి ఇంటిదాకా వెళ్తుంది. క్రైస్తవుల ఇళ్ళు, కానివాళ్ళ ఇళ్ళు అన్న తేడా లేదు. తెల్లారాక, తలచుకున్నప్పుడు ఏ ఇంటి దగ్గర మనసు ఆగిపోయిందో ఆ ఇంటికి వెళ్ళి వస్తుంది. ఒకసారి అలా వెళ్తే లోపల ఒక కోడలు కిరోసిన్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి ఇవాళ ముగ్గురు పిల్లల తల్లి. నేను ఆత్మ కార్యం అన్నది ఇలాంటిదాన్ని. మీరు చెప్పేది, నేను చెప్పేది వేరు కాదేమో.

సౌండ్_బాక్స్ · మంగళవారం రాత్రి 9:50

ఇదంతా చదివి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. లాక్‌డౌన్‌లో మా సంఘం ఆరాధన ఆన్‌లైన్‌లోకి మారినప్పుడు కెమెరా, మైకులు, లైవ్ అన్నీ నేనే చూసుకున్నాను. "తమ్ముడికి దేవుడు టెక్నికల్ వరం ఇచ్చాడు" అనేవాళ్ళు. మొదట్లో చాలా సంతోషం. ఆ తర్వాత ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం, శుక్రవారం, యూత్, పెళ్ళిళ్ళు, సమాధి కూడికలు. నాలుగేళ్ళలో నేను కూర్చుని విన్న ప్రసంగం ఒక్కటి లేదు. బల్ల ఆరాధనలో, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, రొట్టె నా దగ్గరికి తెచ్చేవాళ్ళు కాదు, వైర్ల మధ్య ఉన్నాను కదా, మర్చిపోయేవాళ్ళు. ఒక ఆదివారం జ్వరంతో వెళ్ళలేదు. 11 ఫోన్లు వచ్చాయి. అన్నీ పాస్‌వర్డ్ ఏమిటనే. ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ఎనిమిది నెలలుగా ఆ సంఘానికి వెళ్ళడం లేదు. ఏ సంఘానికీ వెళ్ళడం లేదు. ‘ఉపకారం’ వరం ఉన్నవాళ్ళని చివరికి స్విచ్ బోర్డుల్లా వాడతారు. కృప అక్కా, మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు. జాగ్రత్తగా ఉండండి అని.

తెనాలి_అత్తయ్య · మంగళవారం రాత్రి 10:15

నాయనా, ముందు నువ్వు భోజనం చేశావా? రోజూ వేళకి తింటున్నావా?

నీ పోస్టు చదివి నాకు సిగ్గేసింది. మా గుడిలో కూడా సౌండు చూసే అబ్బాయి ఒకడున్నాడు. వాడి పేరు తెలుసు గాని వాడికి పెళ్ళయిందో లేదో నాకు తెలియదు. ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుంటాను.

పల్నాడు_అయ్యగారు · బుధవారం ఉదయం 5:40

తమ్ముడూ, సంఘ కాపరిగా నీకు క్షమాపణ చెప్పుకోవాలి. మీ కాపరి తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు, నా తరఫున చెప్తున్నాను. ముప్పై ఏళ్ళ సేవలో నేనూ ఇలా మనుషుల్ని వాడుకున్నాను. పని ఆగకూడదు అన్న తొందరలో పనిచేసే మనిషి కనబడకుండా పోతాడు. 1 పేతురు 4:11లో ఉపచారం చేసేవాడు దేవుడు ఇచ్చే సామర్థ్యంతో చేయాలని ఉంది. సామర్థ్యం ఇచ్చే వాక్యం, బల్ల, సహవాసం నీకు అందకుండా చేసి, పని మాత్రం అడిగాం. అది మా తప్పు. నీలో వరం లేక కాదు.

అపొస్తలుల కార్యాలు 6లో విధవరాళ్ళకి భోజనాలు పెట్టే పనికి ఏడుగురిని ఎన్నుకున్నారు. ఒక్కడిని కాదు, ఏడుగురిని! మేము ఒక్కణ్ణి పెట్టి ఏడుగురి పని చేయించుకుంటాం.

ఇక కృపమ్మా, నీకు మన ప్రాంతపు సంగతే ఒకటి చెప్తాను. ఒంగోలు మిషనరీ జె. ఇ. క్లౌ దొరగారి గురించి వినే ఉంటావు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి మన ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది తక్కువగా చెప్పుకుంటాం. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. తిండి లేక జనం రాలిపోతున్నారు. అప్పుడు మన తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. క్లౌ గారు కుర్రతనంలో భూమి కొలిచే సర్వే పని నేర్చినవాడు. మిషనరీ అయ్యాక ఆ పనితో ఇక అవసరం లేదనే అనుకుని ఉంటాడు. కరువు రాగానే ఆ పాత పనే బయటికి తీశాడు. కాలువలో సుమారు మూడు మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి, గంజి దొరికేలా చేశాడు. పర్యవేక్షణకి పెట్టుకున్నది మన తెలుగు బోధకులనే. పొద్దున మట్టి తట్టలు లెక్కపెట్టినవాళ్ళే సాయంత్రం వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు.

ఇంకో సంగతి. కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయానికి వెల కట్టలేదు. మనం ఎవరికైనా ఫారం నింపిపెట్టి, వెంటనే "ఆదివారం మా గుడికి రండి" అంటే ఆ సహాయం పాడైపోతుంది. ఇది నేను ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నాను.

ఆయనకంటే ముందు ఆ దారి వేసింది యర్రగుంట్ల పేరయ్యగారు. తోళ్ళ వ్యాపారం మీద ఊరూరూ తిరిగేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక అవే ఊళ్ళు, అవే దారులు, అవే చుట్టాల ఇళ్ళు. సువార్త ఆ తోళ్ళ దారుల్లోనే వెళ్ళింది. అమ్మా, ఆయనకి ప్రశ్నల కాగితం ఎవరూ ఇవ్వలేదు.

చేతులతో_మాట · బుధవారం మధ్యాహ్నం 3:05

చిన్న మాట. మా సంఘంలో చెవిటి అబ్బాయి ఒకడు వాళ్ళమ్మతో వచ్చి, గంటన్నర గోడ గడియారం చూస్తూ కూర్చునేవాడు. వాడికోసం సైగల భాష నేర్చుకున్నాను, విజయవాడలో ఆరు నెలలు. మొదటిసారి పాట అర్థం సైగల్లో చెప్పినప్పుడు వాడు నవ్వలేదు, నా చేతులు పట్టుకుని ఆపేశాడు. తర్వాత తన చేతులతో అడిగాడు: "ఇన్నాళ్ళూ వీళ్ళు పాడుతున్నది ఇదా?" అని.

నాకు ముందు ఆ వరం లేదు. వాడు వచ్చాక వచ్చింది. అందుకే వరం వెతుక్కోవడం లోపలికి చూసుకుంటే అయ్యే పని కాదని నా నమ్మకం.

సౌండ్_బాక్స్ · బుధవారం రాత్రి 11:30

అయ్యగారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఇంతకుమించి ఇప్పుడు ఏం రాయలేను. అత్తయ్యగారూ, తిన్నాను.

తెనాలి_అత్తయ్య · గురువారం ఉదయం 6:00

ఏం తిన్నావు?

సౌండ్_బాక్స్ · గురువారం ఉదయం 8:10

పెరుగన్నం, ఆవకాయ.

లెక్కల_కృప · ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు క్షమించండి. ఏదైనా చేసి చెప్పాలి గాని ఊరికే ధన్యవాదాలు చెప్పకూడదనుకున్నాను.

మా అయ్యగారిని అడిగి, ఆరాధన అయ్యాక వరండాలో ఒక బల్ల వేసుకుని గంటసేపు కూర్చుంటున్నాను. బల్ల మీద రెండు పెన్నులు, జిగురు సీసా, స్టాంప్ ప్యాడ్, ఒక తడిగుడ్డ. బోర్డు ఏం పెట్టలేదు. సౌండ్ తమ్ముడు చెప్పింది గుర్తుపెట్టుకుని, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకున్నాను. నేను రాని రోజు వాళ్ళు చూసుకుంటారు. మొదటి ఆరాధనలో కూర్చుని వాక్యం విన్నాకే బల్ల దగ్గరికి వస్తాను.

మొదటి వారం ముగ్గురు వచ్చారు. రెండో వారం ఒక పెద్దావిడ వచ్చింది, మా సంఘం మనిషి కాదు, పక్క వీధి. ముప్పై ఏళ్ళు మిర్చి తొడాలు తీసిన చేతులు. కేవైసీ లేదని బ్యాంకులో ఖాతా ఆపేశారు. కూతురు పంపిన 4,000 రూపాయలు లోపలే ఉండిపోయాయి. ఎక్కడికి వెళ్ళినా వేలిముద్ర పడటం లేదు, మిషను ఎర్ర లైటు చూపించి వద్దంటోంది. రెండుసార్లు తిరిగి వచ్చేసిందట. "నా వేళ్ళు అరిగిపోయాయమ్మా, నేనింక లేనట్టేనా?" అంది.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి ఆవిడతో వెళ్ళాను. మిషను ముందు కూర్చోబెట్టి, ఒక్కో వేలూ తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మెల్లగా పెట్టించాను. కుడి చెయ్యి అయిదు వేళ్ళూ పడలేదు. వెనక లైనులో వాళ్ళు విసుక్కుంటున్నారు. మామూలుగా అయితే నాకు ఆ చూపులకే చెమటలు పట్టేస్తాయి. ఆ రోజు ఎందుకో పట్టలేదు. ఎడమ చెయ్యి ఉంగరం వేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. ఆవిడ ఆ వేలిని అలాగే పైకెత్తి పట్టుకుని నాకు చూపించింది, దెబ్బ తగిలిన పిల్లలు చూపిస్తారే, అలా. తర్వాత ఇద్దరం కూర్చుని, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇచ్చే రోజు కూడా రాసుకున్నాం.

ఆ రాత్రి పడుకునే ముందు ఆ రిట్రీట్ కాగితం తీసి చూశాను. ‘ఉపకారం’ అన్న మాట కింద నేనే పెన్నుతో గట్టిగా గీత గీసి ఉంది, కోపంగా గీసింది. చింపేయలేదు. బైబిల్లో 1 పేతురు దగ్గర పెట్టాను.

అన్నట్టు ప్రార్థన చేయమంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. అది మారలేదు.

ఇవాళ ఆవిడ మళ్ళీ వచ్చి, "వచ్చే వారం మా వదినని తీసుకొస్తా, ఉంటావా?" అని అడిగింది. ఉంటానన్నాను. ఆ వదినగారి ఇంటి కరెంటు మీటరు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉందట. పేరు మార్పించడానికి మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు ఇంకేం కాగితాలు అడుగుతారో తెలిసినవాళ్ళు దయచేసి ఇక్కడ రాయండి. శనివారంలోగా కావాలి.

సౌండ్_బాక్స్ · ఆదివారం రాత్రి 9:52

అక్కా, మా అమ్మ మీటరు పేరు మార్పించింది నేనే. కాగితాల ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి, పేర్లు చెరిపేసి వరసగా పెడతాను. పది నిమిషాలు ఆగండి.